సున్నా రాసిన పెట్టె

మద్రాసు మే నెల ఎవరికైనా నచ్చుతుందంటే అది కాలేయ క్యాన్సర్ కణాలకే. వాటికి కావలసింది మనిషి ఒంటి వెచ్చదనం. కరెంటుతో పనిలేకుండా అంత వెచ్చదనం ఇచ్చే ఊరు మరొకటి ఉంటుందని నేననుకోను. ఉద్యోగం చేసినంత కాలం నేను ఆ కణాలను పెంచాను. వేళకు తిండి పెట్టడం, పాత నీళ్ళు తీసి కొత్తవి పోయడం, ఇరుకైతే విడదీసి వేరే సీసాల్లో కాపురం పెట్టించడం, ఇదీ నా పని. పండగైనా పబ్బమైనా వెళ్ళి చూసి రావాల్సిందే. మా అత్తగారు, "మేకలు కాచేవాళ్ళే నయం, సాయంత్రానికి ఇంటికి తోలుకొస్తారు" అనేవారు.

ఈ మధ్య మా పాత సంస్థలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చారు. మాటల మధ్య ఒకమ్మాయి, "కంట్రోల్ డిష్‌లు చేయాలంటే విసుగండీ, వాటికి ఏమీ జరగదు కదా" అంది. నేను కాఫీ ఇచ్చాను. వాళ్ళు వెళ్ళాక ఆ మాట నన్ను వదల్లేదు. ఏమీ జరగని డిష్‌ల కథ ఒకటి నాకు తెలుసు. ఆ అమ్మాయి చదువుతుందనే ఆశతో రాస్తున్నాను.

తొంభైల నాటి సంగతి. ఊరి పేరు చెన్నై అయింది కానీ సగం బోర్డుల మీద, అందరి నోళ్ళలోనూ ఇంకా మద్రాసే. మా పరిశోధన సంస్థలో నేను టెక్నికల్ అసిస్టెంటుని. మాది ఒంగోలు వైపు. పెళ్ళయి ఈ ఊరు వచ్చాను. నాతో కలిసి పనిచేసిన అమ్మాయి పీహెచ్‌డీ విద్యార్థిని. వాళ్ళది మైలాపూరులో ఎన్నో తరాల కిందట స్థిరపడిన తెలుగు కుటుంబం. నన్ను అక్కా అని పిలిచేది. మామూలప్పుడు తెలుగు మాట్లాడేది, కోపం వస్తే తమిళం. మా ఇద్దరి పైన గైడుగారు. బాగా చదువుకున్న మనిషి, చెడ్డవాడు కాదు. కాకపోతే వంట దించకముందే విస్తరి వేసే రకం.

మా పనికి మూలం ఒక డాక్టరమ్మ అడిగిన ప్రశ్న. ఆవిడ ఊళ్ళో ఒక ఆసుపత్రిలో రేడియేషన్ వైద్యం చేసేవారు. ఆపరేషన్ దశ దాటిపోయిన కాలేయ క్యాన్సర్ రోగులు నొప్పితో ఆవిడ దగ్గరికి వచ్చేవారు. కాలేయం సున్నితమైనది. మోతాదు పెరిగితే రోగం కంటే ముందు వైద్యమే ప్రాణం తీస్తుంది. అందుకని ఆవిడ రోజుకు కొద్దికొద్దిగా పెట్టి చూస్తున్నారు. కొందరికి నొప్పి తగ్గుతోంది. ఇంత తక్కువ మోతాదుకు ఆ కణాలు లోపల ఏం చేస్తాయో మీ డిష్‌లలో చూసి చెప్పమని ఆవిడ మా గైడుగారిని అడిగారు. మా దగ్గర కణాలున్నాయి, రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్ మెషీన్ ఆవిడ దగ్గరుంది. అలా వియ్యం కుదిరింది.

పని వివరం కొంచెం చెప్పక తప్పదు. గాజులాంటి చిన్న ప్లాస్టిక్ డిష్‌లలో కణాలను పలచగా చల్లుతాం. ఒక్కో జట్టుకు ఒక్కో మోతాదు రేడియేషన్ ఇప్పించి, తిరిగి తెచ్చి ఇంక్యుబేటర్‌లో పెడతాం. రెండు వారాల్లో, బతికిన కణం ప్రతి ఒక్కటీ పిల్లాపాపలతో ఒక కాలనీ కడుతుంది. ఊదా రంగు పోస్తే ఆ కాలనీలు చుక్కల్లా కంటికి కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టడమే. ఒక జట్టుకు మాత్రం ఏమీ ఇవ్వం, కంట్రోల్ అంటే అదే. అది కూడా మిగతావాటితో పాటు ప్రయాణం చేసి, అక్కడ కూర్చుని, ఊరికే తిరిగి వస్తుంది. ఎన్ని బతికాయో, ఎన్ని పోయాయో చెప్పేది దానితో పోల్చే. అది సరిగ్గా లేకపోతే మిగతా లెక్కంతా గాలిలో మేడ.

ఈ డిష్‌లను మోతాదుకో థర్మోకోల్ పెట్టెలో సర్ది, పెట్టె మూత మీద ఆ మోతాదు అంకె రాసేవాళ్ళం. ఏమీ ఇవ్వని పెట్టె మీద పెద్ద సున్నా. పెట్టెలను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. ఆటో డ్రైవరు లోపల ఏముందని అడిగితే ఆ అమ్మాయి తడుముకోకుండా "ఇడ్లీ" అనేది. గతుకు వచ్చినప్పుడల్లా ఆ డ్రైవరు ఇడ్లీల కోసం మేము ఇంత కంగారు పడటమెందుకో అర్థంకాక వెనక్కి తిరిగి చూసేవాడు.

మెషీన్ రోగుల కోసం. మాకు దొరికేది మధ్యాహ్నం భోజనాల వేళ ఖాళీ మాత్రమే. కానీ ఆటోను నమ్ముకుంటే వేళకు చేరలేం కాబట్టి చాలా ముందే వెళ్ళేవాళ్ళం. మెషీన్ గది బయట హాల్లో పొడవాటి బెంచీ ఒకటి. దాని మీద పెట్టెలు వరసగా పెట్టి, అక్కడి అటెండరుకు అప్పగించి, మేము క్యాంటీనుకు వెళ్ళి టిఫిను తిని, మా వేళ అయ్యేదాకా అక్కడే కూర్చునేవాళ్ళం. ఉదయం ఆరింటికే కణాలతో కుస్తీ మొదలుపెట్టిన వాళ్ళకు ఆ వేళకు కళ్ళు తిరిగేవి.

ఆ అటెండరు పెద్దవయసు మనిషి. వాళ్ళ తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చి ఉత్తర మద్రాసులో ఉండిపోయారు. రోగులను పేరు పెట్టి పిలవడం, బట్టలు మార్పించడం, చేయిపట్టి లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టి రావడం ఆయన పని. ఎవరినీ కసురుకోవడం నేను చూడలేదు. మా పెట్టెలను కూడా రోగుల లెక్కలోనే వేశాడు. "ఈ రోజు ఎంతమంది వచ్చినారమ్మా?" అని అడిగేవాడు. మనుషులను కాదు, పెట్టెలను. మేము నవ్వేవాళ్ళం. ఆయన ఎందుకలా అడుగుతున్నాడో ఆలోచించలేదు.

పని మొదలైన కొత్తలో, చలి నెలల్లో, మా అంకెలు వింతగా వచ్చాయి. అన్నింటికంటే తక్కువ మోతాదు ఇచ్చిన డిష్‌లలో, అనుకున్నదానికంటే ఎక్కువ కణాలు చచ్చిపోయాయి. ఆ పై మోతాదులో తక్కువ చచ్చాయి. గైడుగారు చూసి, "చెయ్యి కుదరని రోజులు, వదిలేయండి" అన్నారు. మా వృత్తిలో ఇది ఆచారం. గ్రాఫు గీత మీద పడని చుక్కను చెయ్యి కుదరనిదాని కింద కొట్టేస్తారు. వేసవి వచ్చేసరికి అంకెలు మారాయి. ఇప్పుడు, కొద్దిపాటి మోతాదు ఇచ్చిన డిష్‌లలో, ఏమీ ఇవ్వని సున్నా డిష్‌ల కంటే ఎక్కువ కాలనీలు వచ్చాయి. మళ్ళీ చేశాం. మళ్ళీ అంతే. అంటే తక్కువ రేడియేషన్ క్యాన్సర్ కణాలను చంపకపోగా పెంచుతోందన్నమాట.

గైడుగారి ఆనందానికి హద్దు లేదు. ఒక సదస్సుకు వ్యాసం పంపించారు. డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పారు. ఆ వెంటనే ఆవిడ, కాలేయానికి కొద్దికొద్దిగా ఇస్తున్న వైద్యాన్ని ఆపేశారు. తప్పేముంది, ఏ డాక్టరైనా ఆపుతారు. రోగాన్ని మేపుతున్నావని చెబితే ఇంక ఎవరు పెడతారు.

ఆపిన సంగతి మాకు ఒక మనిషి రూపంలో తెలిసింది. ఊరికి ఉత్తరాన మనలి అనే పేటలో, రసాయనాల ఫ్యాక్టరీ దగ్గర లారీలకు సరుకు ఎత్తే కూలీ. ఒకప్పుడు బలమైన మనిషే అయి ఉండాలి, భుజాలు ఇంకా వెడల్పుగానే ఉన్నాయి. కళ్ళు పచ్చగా ఉన్నాయి. పక్కన భార్య. ఆయనకు మూడు నాలుగు పూటలు వైద్యం జరిగింది, ఆ పైన ఆపేశారు. నేను అటెండరుతో తెలుగులో మాట్లాడటం విని నా దగ్గరికి వచ్చాడు.

"మీరు మనోళ్ళే గదమ్మా?"

అవునన్నాను.

"కొన్ని తూర్లు పెట్టినారు. నెప్పి తగ్గె. రాత్రి పండుకుంటిని. అంతకు ముందు గోడకి ఆనుకొని కూర్చొనే ఉంటి. ఇప్పుడు ఇంగ పెట్టకూడదంటాండారు. ఏమిటికమ్మా?"

ఏమిటికో నాకు తెలుసు. నా ఒళ్ళో ఉన్న పెట్టెల్లో ఉంది ఆ కారణం. డాక్టరమ్మ మంచికే చెప్పి ఉంటారు, ఆమె చెప్పినట్టు వినండి అన్నాను. ఇలాంటప్పుడు అందరూ అనే మాటే.

భార్య ముందుకు వచ్చింది. "బతికించమని అడగడంలేదమ్మా. అది మాకు ముందే చెప్పేసినారు. నిద్ర వస్తే చాలు. రాత్రంతా ఆయన అట్టే కూర్చోనుంటే నాకు చూసేకి అయ్యేలేదు."

వాళ్ళు చాలాసేపు ఆ బెంచీ మీదే కూర్చున్నారు. అటెండరు ఆయనకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, నాతో మెల్లగా, "వైద్యం లేదన్న వాళ్ళే ఈడ ఎక్కువసేపు కూర్చుంటారమ్మా, చూసినారా. లేసి పోవాలంటే కాళ్ళు రావు" అన్నాడు. నాకు బాధగానే ఉంది. కానీ అంకెలు అంకెలే కదా అనుకున్నాను.

కొన్నాళ్ళకు మళ్ళీ ఒక ప్రయోగం పెట్టుకున్నాం. ఎప్పటిలాగే బెంచీ మీద పెట్టెలు పెట్టి క్యాంటీనుకు వెళ్ళాం. తలుపు మూసి ఉంది. నీళ్ళ లారీ రాలేదు, వంట లేదు అని బయట పలక మీద రాసి ఉంది. ఆ ఏడాది ఊరంతా అదే గోల, బిందెలు లారీ కోసం వరసలో ఉండేవి, వాటి వెనక మనుషులు. చేసేదిలేక తిరిగి హాల్లోకి వచ్చాం.

బెంచీ మీద ఒక పెట్టె లేదు. సున్నా రాసినది.

ఆ అమ్మాయి బెంచీ కింద చూసింది, నా సంచీలో చూసింది. మెషీన్ గది తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. అంటే లోపల రోగికి రేడియేషన్ ఇస్తున్నారు, ఎవరూ వెళ్ళకూడదు. తలుపు పక్కన అటెండరు నిలబడి ఉన్నాడు.

"సున్నా పెట్టె ఏదీ, అన్నా?" అంది ఆ అమ్మాయి.

"లోపల ఉండాది పాపా. భద్రంగా ఉండాది."

ఆ అమ్మాయి ఎర్ర దీపం వైపు చూసింది. నేనూ చూశాను.

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవురూ చెప్పలా. నేనే. ఎండలు వచ్చినకాడి నుంచి పెడతానే ఉండా" అన్నాడు. మెచ్చుకుంటామని అనుకున్నాడేమో, వివరంగా చెప్పాడు. "సున్నా అంటే వైద్యం లేదని గదా. మిగతావాళ్ళకి ఏదో ఒకటి ఇస్తారు. వీళ్ళు ఊరికే వచ్చి, అందరిదీ అయ్యేదాకా కూర్చోని, ఊరికే పోతారు. ఈ వేడిలో, పాపం. చల్లగా అన్నా ఉండనీ అని ఏసీ కింద స్టూలు వేసి ఆడ పెడతా. మీరు వచ్చేలోపల మళ్ళా తెచ్చి ఈడ పెట్టేస్తా."

ఎర్ర దీపం ఆరేదాకా మేము ముగ్గురం అక్కడే నిలబడ్డాం. అంతసేపూ మాకు చేయగలిగింది ఏమీ లేదు. వేడిని ఇష్టపడే కణాలను జాలిపడి చలిలో పెట్టాడు. అది చిన్న సంగతి. ఆ గదిలో పెట్టాడన్నది పెద్ద సంగతి.

మెషీన్ చూసుకునే ఫిజిసిస్టు కుర్రవాడు బయటకు వస్తే అడిగాం. మేము వచ్చిన రోజల్లా అతను ఆ పెట్టెను చూస్తూనే ఉన్నాడు. "కంట్రోల్ కదా, అదే గదిలో ఉండాలని మీరే పెట్టించారనుకున్నాను" అన్నాడు తమిళంలో. మీరంతా పెద్ద చదువులవాళ్ళు, ఏదో కారణం ఉంటుందని అడగలేదట. అంటూనే అతని ముఖం మారింది. ఏసీ ఉన్న గోడ వైపు తిరిగి, లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు. మా ఊళ్ళో నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ రోగులే ఎక్కువ. వాళ్ళకు కిరణాన్ని పక్క నుంచి ఇస్తారు. చెంపను దాటి పోయిన కిరణం నేరుగా వెళ్ళి తగిలేది ఆ గోడకే. గోడకు ముందు స్టూలు. స్టూలు మీద మా సున్నా.

మిగిలిన రోగులు అయ్యేదాకా, అతను మోతాదు కొలిచే పరికరాన్ని ఆ స్టూలు మీద పెట్టి చూశాడు. తెచ్చి మాకు చూపించాడు. ఒక ఉదయమంతా ఉంటే, మేము ఇచ్చే అతి తక్కువ మోతాదుకు ఇంచుమించు సమానం. ఆ వేసవి అంతా మేము, కొద్దిగా దెబ్బతిన్న కణాలను ఏమీ కానివాటిగా లెక్కగట్టి, వాటితో మిగతావాటిని పోల్చాం. సున్నాలో చచ్చినవి లెక్కకు రాక, మిగతావి పెరిగినట్టు కనిపించాయి. చలికాలంలో చెయ్యి కుదరలేదని కొట్టేసిన అంకెలే సరైనవేమో.

అటెండరుకు విషయం చెప్పక తప్పలేదు. "నేను చంపితినా వాళ్ళని?" అన్నాడు.

"చావాల్సినవే చచ్చాయన్నా. క్యాన్సర్ కణాలు. చావాల్సిన పెట్టెలో కాకుండా వేరే పెట్టెలో చచ్చాయి, అంతే" అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు. నిజానికి నాకూ రాలేదు.

ఆ సాయంత్రమే గైడుగారికి చెప్పాం. ముందు న్యాయంగానే మాట్లాడారు. మళ్ళీ చేయండి, సున్నాను మీ కళ్ళ ముందే ఉంచుకోండి అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది.

"డాక్టరమ్మకు ఇప్పుడే చెప్పొద్దు. కాలనీలు వచ్చాక, ఏదో ఒకటి తేలాక చెబుదాం. ఒకసారి ఔననీ ఒకసారి కాదనీ చెబితే రేపు మన మాట ఎవరు వింటారు?"

"కణాలు సిద్ధం చేసి, ఇచ్చి, కాలనీలు వచ్చేసరికి నెల అవుతుంది సార్" అంది ఆ అమ్మాయి.

"అవనీ. సైన్సుకు తొందర పనికిరాదు."

తొందర గురించి ఆయన నోటి వెంట ఆ మాట రావడం వేరే రోజైతే మాకు వారానికి సరిపడా నవ్వు. ఆ అమ్మాయి ఫెలోషిప్ గడువు ముగియబోతోంది. పొడిగించడానికి గైడుగారి సంతకం కావాలి. ఆ మాట ఆయన అనలేదు, ఆ అమ్మాయీ అనలేదు. గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

వరండాలోకి వచ్చాక ఆ అమ్మాయి తమిళంలో, "ఆటో పిలువక్కా" అంది. తమిళమంటే కోపం వచ్చినట్టే. కోపం ఎవరి మీదో నేను అడగలేదు.

"ఇంటికా?"

"ఆసుపత్రికి. డాక్టరమ్మ పోయేలోపల పోవాల." ఆటోలో తెలుగులోకి వచ్చింది. "మనకి నెల అంటే కాలనీలక్కా. ఆయనకి నెల అంటే గోడకి ఆనుకొని కూర్చునేది."

డాక్టరమ్మ ఇంటికి బయలుదేరబోతున్నారు. సంచీ భుజాన వేసుకునే ఉన్నారు. ఆ అమ్మాయి నిలబడే చెప్పింది, స్టూలు సంగతి, గోడ సంగతి, అంతా. చివరికి, "మేం చెప్పింది తప్పయి ఉండొచ్చు మేడమ్, ఒప్పయినా అయి ఉండొచ్చు. ఇప్పుడు మాకు ఏమీ తెలియదు" అంది. చదువుకున్నవాళ్ళ నోట ఆ మాట ఎంత కష్టంగా వస్తుందో నాకు తెలుసు. ఎంతోమంది గైడుల దగ్గర పనిచేశాను.

డాక్టరమ్మ సంచీ దించి కుర్చీలో కూర్చున్నారు. మీ గైడు ఏమన్నారు అని అడిగారు. ఆ అమ్మాయి తల దించుకుంది.

"నొప్పి తగ్గడం నేను కళ్ళతో చూశాను" అన్నారు ఆవిడ. "మీకు తెలుసుననుకుని ఆపాను. తెలియదంటే, నాకు అది చాలు." అటెండరును పిలిచి, వైద్యానికి రమ్మని ఆ మనలి మనిషికి రేపే పోస్టుకార్డు రాయించమన్నారు.

"కార్డు పోయేది ఎప్పుడు, ఆయన వచ్చేది ఎప్పుడు. నేనే పోయి చెప్తా" అన్నాడు అటెండరు. డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా మనలి బస్సు ఎక్కాడు. మరునాడు ఉదయం ఆసుపత్రి గేటు తెరిచే వేళకు భార్యాభర్తలిద్దరినీ వెంటబెట్టుకుని వచ్చాడట. ఆ ఫ్యాక్టరీల వైపు ఇల్లు వెతకడం మాటలు కాదు. ఎలా పట్టుకున్నావన్నా అంటే, "నిద్రపోని మనిషి ఇల్లు ఏదని అడిగితే వీధిలో ఎవురైనా చూపిస్తారమ్మా" అన్నాడు.

తరువాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. గైడుగారు ఆ అమ్మాయితో చాలా రోజులు ముభావంగా ఉన్నారు. కానీ సదస్సుకు పంపిన వ్యాసాన్ని ఎవరూ చెప్పకుండానే వెనక్కి తీసుకున్నారు, కారణం దాచకుండా. ఆ సంతకం కూడా చేశారు, ఆఖరు రోజున. మనిషి తొందరపడ్డప్పుడు చేసిన పనిని బట్టి కాక, ఆ తరువాత చేసిన పనిని బట్టి చూడాలని నాకు అప్పుడే అనిపించింది.

మళ్ళీ చేసిన ప్రయోగంలో సున్నా డిష్‌లు కళకళలాడాయి. తక్కువ మోతాదు పొందినవి, చలికాలంలో లాగే, అనుకున్నదానికంటే ఎక్కువ చచ్చాయి. ఆ పై మోతాదులో కొన్ని తట్టుకున్నాయి. ఇంట్లో పిల్లి చప్పుడు చేస్తే ఎవరూ లేవరు, తలుపు విరిగితే ఇల్లంతా లేస్తుంది. కణమూ అంతే. దెబ్బ కాస్త గట్టిగా తగిలితే మేలుకొని మరమ్మతు మొదలుపెడుతుంది. మరీ చిన్న దెబ్బను దెబ్బ అనుకోదు, దానితోనే పోతుంది. డిష్‌లో తేలింది మనిషిలో తేలినట్టు కాదని డాక్టరమ్మ మాకు పదేపదే చెప్పారు, అది నిజమే. ఆ అమ్మాయి థీసిస్‌లో ఆ స్టూలు గురించి ఒక పేజీ ఉంది. అటెండరుకు కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. చదివి తెలుగులో చెబితే ఆయన, "తప్పు చేసినందుకా?" అన్నాడు.

మనలి మనిషికి మిగిలిన పూటలు పూర్తి చేశారు. రోగం తగ్గలేదు, తగ్గుతుందని ఎవరూ చెప్పలేదు. ఆ ఏడు వానలు మొదలయ్యాక పోయాడని, చివరి వారాల ముందు వరకూ పడుకోగలిగాడని, భార్య వచ్చి అటెండరుకు చెప్పి వెళ్ళింది.

కానీ నాకు గుర్తుండిపోయింది మేము మళ్ళీ ప్రయోగం చేసిన రోజు. ఈసారి క్యాంటీను తెరిచి ఉన్నా నేను హాలు వదలలేదు. డబ్బు కట్టి రెండు ప్లేట్లు పట్టుకురమ్మని ఆ అమ్మాయిని పంపి, నేను ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. బెంచీ చివర సున్నా పెట్టె, దాని పక్క నుంచి వంతు కోసం కూర్చున్న రోగులు. నా కళ్ళు మాత్రం పెట్టె మీదే. ఏసీ లేదు, ఫ్యాను గాలి అక్కడిదాకా రాదు. అటెండరు కాసేపు పెట్టె వైపు చూసి, లోపలికి వెళ్ళి, పనికిరాని పాత ఎక్స్‌రే ఫిల్ము ఒకటి తెచ్చాడు. బెంచీ పక్కన నిలబడి విసరడం మొదలుపెట్టాడు. నేను నవ్వుకుని ఊరుకున్నాను. చేసినదానికి ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాడనుకున్నాను.

ఆ అమ్మాయి ప్లేట్లతో వచ్చి చూసింది. "వీటికి విసరద్దన్నా. వీటికి వేడే ఇష్టం" అంది.

ఆయన చెయ్యి ఆపకుండానే, గొంతు తగ్గించి, "వీళ్ళకి కాదు పాపా" అన్నాడు.

అప్పుడు చూశాం. పెట్టెకు ఇవతల, అటెండరు చాటున, మనలి మనిషి కూర్చుని ఉన్నాడు. తల గోడకు ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. భార్య ఆయన చెప్పులు పక్కకు జరిపి, కింద కూర్చుని ఉంది.

"ఇప్పుడే నిద్ర పట్టింది" అన్నాడు అటెండరు. "ఆయన వంతు వచ్చింది గానీ, వెనకాల ఆయన్ని ముందు పంపిస్తిని. లేపొద్దు."